మిశ్రమ భిన్నాల తీసివేత: తూములు, అణాలు, గుంటలు

పటాన్‌చెరు దగ్గర ఒక రైతుకు అయిదెకరాల పది గుంటల భూమి ఉన్నదనుకొందాం. అందులో మూడెకరాల పదిహేను గుంటలు రోడ్డు కిందనో, కార్ఖానా కిందనో పోయింది. ఇంకా ఎంత మిగిలి ఉన్నది? ఇది పాఠ్యపుస్తకం కోసం అల్లిన లెక్క కాదు. 1970 తరవాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం చుట్టూ పారిశ్రామిక వాడలు వెలసినప్పటినుంచి సంగారెడ్డి ప్రాంతంలో ఇటువంటి తీసివేతలు ఎన్నో ఇండ్లలో జరిగాయి, జరుగుతూనే ఉన్నాయి.

కాగితాలలో ఈ విస్తీర్ణాన్ని 5-10 అని వ్రాస్తారు. ఒక్కొక్కప్పుడు గీతకు బదులు చుక్క పెట్టి 5.10 అని కూడా వ్రాస్తారు. చిక్కు ఆ చుక్కతో మొదలవుతుంది. లెక్కల యంత్రం చేతిలో ఉన్నవారు 5.10 లోనుంచి 3.15 తీసివేస్తే 1.95 వస్తుంది. అంటే ఎకరం తొంభైఅయిదు గుంటలా? నలభై గుంటలకే ఎకరం నిండుతుంది గనుక ఆ మాటకు అర్థం లేదు. పోనీ, ఎకరంలో నూటికి తొంభైఅయిదు వంతులని సర్ది చెప్పుకొంటే 38 గుంటలవుతుంది. అదీ తప్పే. సరి అయిన జవాబు ఎకరం 35 గుంటలు. తేడా మూడు గుంటలు. గుంటకు 121 చదరపు గజాల చొప్పున 363 గజాలు. గజాల లెక్కన స్థలాలు అమ్ముడుపోయే చోట ఇది చిన్న తేడా కాదు.

ఇందులో ఒక చిత్రమున్నది. అదే రైతుకు అయిదెకరాల ముప్ఫై గుంటలు ఉండి, మూడెకరాల పదిహేను గుంటలు పోయిందనుకొంటే, 5.30 లోనుంచి 3.15 తీసినప్పుడు యంత్రం చూపించే 2.15 అక్షరాలా సరి అయినదే. కాబట్టి నాలుగు లెక్కలు సరిపోయి చుక్క మీద నమ్మకం కుదురుతుంది. అయిదో లెక్కలో అది మోసం చేస్తుంది. పై అంకెలో గుంటలు తక్కువై, కింది అంకెలో ఎక్కువై ఉన్నప్పుడు మాత్రమే ఆ తప్పు జరుగుతుంది. మిశ్రమ భిన్నాల తీసివేతలోని కష్టమంతా ఆ ఒక్క చోటనే ఉన్నది. అయిదెకరాల పది గుంటలు అంటే 5¼ ఎకరాలు. మూడెకరాల పదిహేను గుంటలు 3⅜ ఎకరాలు. వీటి భేదం 1⅞ ఎకరాలు. ఎకరానికి నలభై గుంటలు గనుక ఆ ⅞ వంతు 35 గుంటలు.

నలభై అనే అంకె ఎక్కడినుంచి వచ్చిందో చెప్పుకోవాలి. 33 అడుగుల గొలుసును నిలువున ఒకసారి, అడ్డంగా ఒకసారి వేస్తే వచ్చే చదరమే గుంట. 33 అడుగులంటే 11 గజాలు, పదకొండు పదకొండ్లు 121. ఎకరం 4,840 చదరపు గజాలు గనుక అందులో ఇటువంటి చదరాలు సరిగ్గా నలభై పడతాయి. 19వ శతాబ్దంలో బొంబాయి రాష్ట్రపు భూమి సర్వేలో ఈ కొలత స్థిరపడి, హైదరాబాదు సంస్థానపు సర్వేకు మాదిరి అయింది. కృష్ణా, గోదావరి జిల్లాలలో ఎకరాన్ని నూరు సెంట్లుగా విభజించారు. అక్కడ 5.10 అని వ్రాసి దశాంశ పద్ధతిలో తీసివేస్తే ఏ ప్రమాదమూ లేదు. అదే అంకెను సంగారెడ్డిలో చదివితే 5¼ ఎకరాలు, భీమవరంలో చదివితే 5 ఎకరాల పై పదో వంతు. పది గుంటలకూ పది సెంట్లకూ 726 గజాల భేదం ఉన్నది.

ఇక తరగతి గదిలో చూద్దాం. 5¼ లోనుంచి 2¾ తీసివేయమంటే చాలామంది పిల్లలు అయిదులోనుంచి రెండు పోగా మూడు అని వ్రాసి, తరవాత పావు, ముప్పావుల దగ్గర ఒక్క క్షణం ఆగి, ముప్పావులోనుంచి పావు తీసివేసి, 3½ అని జవాబు ఇస్తారు. పైనున్నది చిన్నదైతే కిందినుంచి తీసివేయడం వారికి తప్పుగా కనిపించదు. "పెద్దదానిలోనుంచి చిన్నది తీయాలి" అని వారికి మొదటినుంచీ చెప్పినది మనమే గదా! ఈ పిల్లలే 52 లోనుంచి 37 తీయమంటే 25 అంటారు. 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే అమెరికను శాస్త్రజ్ఞులు పిల్లల తీసివేత తప్పులను వర్గీకరించి చూపారు. పిల్లలు తోచినట్లు తప్పులు చేయరనీ, ఒక తప్పు సూత్రాన్ని శ్రద్ధగా, నియమం తప్పకుండా పాటిస్తారనీ వారు నిరూపించారు. చిన్నదాన్ని పెద్దదానిలోనుంచి తీసే అలవాటు అటువంటి తప్పు సూత్రాలలో ప్రసిద్ధమైనది. కాబట్టి మిశ్రమ భిన్నాల దగ్గర బయటపడే జబ్బు భిన్నాలతో పుట్టినది కాదు. రెండంకెల తీసివేతనాటినుంచీ లోపల ఉన్నదే.

ఈ చోట మన బడులలో వాడే మాట "అప్పు". ఇది అంత మంచి మాట కాదని ఒప్పుకోక తప్పదు. తెచ్చిన అప్పును ఎవ్వరూ తిరిగి ఇవ్వరు. ఇవ్వకపోయినా లెక్క సరిపోతుంది! నిజంగా జరిగేది చిల్లర మార్చడం. అయిదుంబావులో ఉన్న అయిదు పూర్ణాలలో ఒకదానిని నాలుగు పావులుగా మారిస్తే నాలుగు పూర్ణాలు, అయిదు పావులు ఉంటాయి. అందులోనుంచి రెండు పూర్ణాలు, మూడు పావులు తీయడానికి ఏ ఇబ్బందీ లేదు. రెండు పూర్ణాలు, రెండు పావులు మిగులుతాయి. అంటే రెండున్నర. మొత్తం విలువ మారలేదు, రూపం మాత్రమే మారింది. 1949లో బ్రౌనెల్, మోజర్ అనే అమెరికను విద్యావేత్తలు మూడో తరగతి పిల్లలమీద చేసిన ఒక పెద్ద పరిశీలనలో, ఈ మార్పిడికి కారణం చెప్పి నేర్పిన పిల్లలు కొత్త రకం లెక్కలు ఎదురైనప్పుడు, ఊరకే పద్ధతి వల్లె వేసినవారికంటె బాగా నిలిచారని తేలింది.

ఐతే చిల్లర మార్చడం అనే పని మన పెద్దలకు ఒకరు కారణం చెప్పి నేర్పవలసిన విషయం కాదు. వారి కొలతలన్నీ అదే నేర్పేవి. ధాన్యం కొలతలే చూడండి. నాలుగు గిద్దెలు ఒక సోల. నాలుగు సోలలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచం. నాలుగు కుంచాలు ఒక తూము. ఇరవై తూములు ఒక పుట్టి. పాత్రల పరిమాణం సీమనుబట్టి మారేది, కొన్ని చోట్ల పేర్లు కూడా మారేవి. కాని నాలుగేసి చొప్పున పెరిగే ఈ వరస తెలుగు రైతుకు ఎక్కాల వంటిది. గాదెలో మూడు తూముల కుంచెడు గింజలు ఉన్నాయి, అందులో తూము మీద రెండు కుంచాల మూడు మానికలు కూలికి కొలిచి ఇవ్వాలి. మానికలు విడిగా లేవు. కాబట్టి ఉన్న ఒక్క కుంచాన్ని నాలుగు మానికలుగా చూస్తారు. అందులో మూడు పోగా ఒక మానిక మిగులుతుంది. ఇప్పుడు కుంచాలు లేవు. మూడు తూములలో ఒకదానిని విప్పితే నాలుగు కుంచాలు. రెండు పోగా రెండు. ఇక మిగిలిన రెండు తూములలో ఒకటి పోతే ఒకటి. మొత్తంమీద మిగిలినవి తూము, రెండు కుంచాలు, ఒక మానిక. ఈ పనినే బడి భాషలో వ్రాస్తే 3¼ లోనుంచి 1 11/16 తీసివేయగా 1 9/16 అవుతుంది. కొలపాత్ర చేతబట్టినవాడు హారం, లవం, సామాన్య గుణిజం అనే మాటలు ఎరుగడు. ఐనా అతని తీసివేతలో పొరపాటు రాదు. వస్తే కూలివాడు ఊరుకోడు.

ఈ నాలుగింటి లెక్క పాత్రలకే పరిమితం కాలేదు, వ్రాతకు కూడా ఎక్కింది. పూర్వం తెలుగు కరణాలు వాడిన భిన్నాల గుర్తులు ప్రపంచంలోని వింతలలో చేర్చదగినవి. ఒకటి, రెండు, మూడు నిలువు గీతలు వరసగా పావు, అర, ముప్పావులకు గుర్తులు. వాటి పక్కన ఒకటి, రెండు, మూడు అడ్డగీతలు వస్తే అవి పదహారో వంతులు: వీసం, పరక, మువ్వీసం. దానికి పక్కన మళ్లీ నిలువు గీతలు వస్తే అవి అరవైనాలుగో వంతులు. వాటిలో ఒక వంతు పేరు కాని. ఆ పక్కన తిరిగి అడ్డగీతలు. నిలువు, అడ్డం, నిలువు, అడ్డం అని మారుతూ పోవడంవల్ల ఏ గీత ఏ స్థానానిదో చూపుకే తెలుస్తుంది. ఆ స్థానంలో ఏమీ లేదని తెలపడానికి హళ్ళి అనే ప్రత్యేకమైన గుర్తు కూడా ఉన్నది. అంటే మనం పది ఆధారంగా దశాంశాలు వ్రాసినట్లే, వారు నాలుగు ఆధారంగా భిన్నాలను స్థానవిలువతో వ్రాసినారన్నమాట. సీ. పీ. బ్రౌను తన తెలుగు వ్యాకరణంలో వీటిని వివరించాడు. ఛాపఖానాల యుగంలో ఈ గుర్తులు మరుగున పడ్డాయి. 2008లో కంప్యూటర్లకు అవసరమైన యూనికోడ్ లిపి పట్టికలో వాటికి స్థానం దొరికింది.

ఈ గుర్తులతో తీసివేత చేసే లేఖకుడికి పూర్ణసంఖ్యల తీసివేత వేరు, భిన్నాల తీసివేత వేరు అనే భేదం లేదు. ఎడమపక్కనున్న స్థానంలో ఒకటి విప్పితే కుడిపక్కన నాలుగు వస్తాయి, అంతే. హారాలను సమానం చేయవలసిన పనే లేదు. ఏ గీత ఏ స్థానంలో ఉన్నదో, ఆ స్థానమే దాని హారం. మన పిల్లలు రెండు వేర్వేరు అధ్యాయాలుగా నేర్చుకొనే విషయం వారికి ఒక్కటే.

నాణేలు కూడా ఈ వరసలోనే ఉండేవి. రూపాయికి పదహారణాలు గనుక అణా అంటే రూపాయిలో వీసం. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా, ఎనిమిదణాలు అర్ధరూపాయి. అణాలో నాలుగో వంతు కాని. అది రూపాయిలో అరవైనాలుగో వంతు. కరణంగారి గీతలలోని మూడో స్థానానికీ, సంతలో చెల్లే రాగి నాణేనికీ ఒకటే పేరు ఉన్నదంటే లెక్కా జీవితమూ ఎంత దగ్గరగా నడిచాయో గ్రహించవచ్చు. "పదహారణాల తెలుగు" అనే మాట అణాలు పోయిన ఇన్నేళ్ళకు కూడా నిలిచి ఉన్నది. పూర్ణమంటే పదహారు అనే ఊహ ఇంకా పాతది. చంద్రుడికి పదహారు కళలు. వైదిక వాఙ్మయంలో కళ అంటే పదహారో వంతు అనే అర్థమున్నది. తరవాత అది "భాగం" అనే సామాన్యార్థంలో స్థిరపడింది. మన గణిత గ్రంథాలలో భిన్నాల ప్రకరణానికి కళాసవర్ణం అనే పేరు రావడం అందువల్లనే.

సవర్ణమంటే ఒకే రంగు కలది. వేర్వేరు హారాలున్న భిన్నాలు వేర్వేరు రంగులవి. వాటిని ఒకే రంగుకు తెస్తేనే కూడడానికీ తీయడానికీ వీలు. నాలుగింటి వరసలో కరణంగారికి తప్పిపోయిన శ్రమ ఇక్కడ ఎదురవుతుంది. మూడో వంతులు, అయిదో వంతులు, పన్నెండో వంతులు కలిసిన లెక్కలకు గీతల పద్ధతి చాలదు. ఒక సామాన్య సూత్రం కావాలి. క్రీ. శ. 499 నాటి ఆర్యభటీయంలో ఆ సూత్రం ఉన్నది: ఒకదాని హారంతో రెండోదాని లవహారాలను గుణించాలి. పెషావరు సమీపంలో 1881లో దొరికిన బక్షాలీ వ్రాతప్రతిలో మిశ్రమ భిన్నాలను మూడంతస్తులుగా వ్రాశారు: పైన పూర్ణం, దాని కింద లవం, దాని కింద హారం. మధ్య గీత లేదు. ఆ గీతను తరవాత అరబ్బులు ప్రవేశపెట్టారు.

ఈ విషయాన్ని విస్తరించి శాస్త్రంగా తీర్చినవాడు మహావీరాచార్యుడు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలంలో గణితసార సంగ్రహం రచించిన జైన పండితుడు ఇతడు. ఆ చక్రవర్తి రాజధాని మాన్యఖేటం నేటి మల్ఖేడ్. హైదరాబాదునుంచి వాడీ పోయే రైలు మార్గంలో తాండూరు, సేడం దాటిన తరవాత వస్తుంది. మహావీరుడు భిన్నాలను జాతులుగా విభజించాడు. పూర్ణానికి భాగం అంటిపెట్టుకొని ఉంటే భాగానుబంధం: మన మిశ్రమ భిన్నమే. పూర్ణంలోనుంచి భాగం తొలగి ఉంటే భాగాపవాహం: పావు తక్కువ ఆరు వంటిది. భాగానుబంధాన్ని విప్పడానికి పూర్ణాన్ని హారంతో గుణించి లవాన్ని కలపమన్నాడు. నేటి పాఠ్యపుస్తకంలో మిశ్రమ భిన్నాన్ని అపక్రమ భిన్నంగా మార్చే పద్ధతి ఇదే.

అతని మరొక కానుక నిరుద్ధం. హారాలలోని సామాన్య భాజకాలను, అవి పోగా మిగిలిన భాగఫలాలను గుణిస్తే నిరుద్ధం వస్తుంది. దీనినే మనం కనిష్ఠ సామాన్య గుణిజం, క. సా. గు. అంటున్నాము. భారతీయ గణితంలో దీనిని స్పష్టంగా చెప్పిన మొదటివాడు మహావీరుడే. దీని ప్రయోజనం ఒక లెక్కలో తేలుతుంది. 4 1/12 లోనుంచి 1 7/18 తీయాలి. హారాలను ఊరకే గుణిస్తే 216 వస్తుంది. నిరుద్ధం చూస్తే, సామాన్య భాజకం 6; మిగిలిన భాగఫలాలు 2, 3; గుణిస్తే 36. ఇప్పుడు లెక్క 4 3/36 లోనుంచి 1 14/36 అయింది. మూడులోనుంచి పద్నాలుగు పోదు. ఒక పూర్ణాన్ని ముప్ఫైఆరు భాగాలుగా విప్పితే 3 39/36. అందులో 1 14/36 పోగా 2 25/36. అపక్రమ భిన్నాలుగా చేసినా 147 లోనుంచి 50 పోగా 97, దానిని 36 తో భాగిస్తే అదే జవాబు.

గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఆ పుస్తకం పేరు సార సంగ్రహ గణితము. జనం దానిని పావులూరి గణితమనే పిలిచారు. 11, 12 శతాబ్దుల నాటి ఈ గ్రంథమే మనకు దొరికిన తెలుగు శాస్త్ర గ్రంథాలలో మొదటిదని చెప్పవచ్చు. భారతం తెలుగులోకి వచ్చిన కాలానికి కొంచెం అటూ ఇటూగా భిన్నాల తీసివేత కూడా తెలుగు పద్యంలోకి వచ్చిందన్న సంగతిని మన సాహిత్య చరిత్రలు ఒక్క వాక్యంలో దాటిపోతాయి. లెక్కలు చెప్పే ఉపాధ్యాయుడు అక్కడ కాస్త ఆగి చెప్పడం న్యాయం. మల్లన తీరాంధ్రపు కవి. అదే 11వ శతాబ్దపు తొలి భాగంలో కల్యాణి చాళుక్య రాజు జయసింహుడు పొట్టలకెరెను ఉపరాజధానిగా చేసుకొని పాలించాడు. చరిత్రకారులు ఆ పొట్టలకెరెను నేటి పటాన్‌చెరుగా గుర్తించారు. అది పేరుపొందిన జైన కేంద్రం. అక్కడి జైన విగ్రహాలు ఇప్పటికీ పూర్వవైభవానికి సాక్ష్యమిస్తున్నాయి.

భాగాపవాహం అనే పేరు మరచిపోయినా ఆ ఊహ తెలంగాణలో నిత్యవ్యవహారంలో నిలిచింది. ఉర్దూ లెక్కల వాడుకలో 1¾ ను పౌనే దో అంటారు, అంటే పావు తక్కువ రెండు. సంస్కృతంలోని పాదోనమే పౌనే అయింది. సపాదం సవా అయింది, ద్వ్యర్ధం డేఢ్ అయింది, అర్ధతృతీయం ఢాయీ అయింది. తెలుగులో మనం రెండుంబావు, రెండున్నర అని భాగాన్ని కలుపుకొంటూ పోతాము. పౌనే అనేవారు భాగాన్ని తీసుకొంటూ చెపుతారు. రెండు భాషలు విన్న సంగారెడ్డి బాలుడికి మహావీరుని రెండు జాతులూ చెవికి పరిచయమే. పైగా ఆ పౌనేలో తీసివేతకు ఒక సుళువు దాగి ఉన్నది. 5¼ లోనుంచి 2¾ తీయాలి. 2¾ అంటే పౌనే తీన్, పావు తక్కువ మూడు. మూడు తీసివేస్తే 2¼. పావు ఎక్కువ తీశాము గనుక దానిని తిరిగి కలిపితే 2½. పూర్ణాన్ని విప్పే అవసరమే రాలేదు.

ఏ పద్ధతి మంచిది? పాఠ్యపుస్తకాలు ఎక్కువగా అపక్రమ భిన్నాల దారినే ఇష్టపడతాయి. అందులో ఆలోచించవలసిన చోటు తక్కువ. పూర్ణాన్ని విప్పవలసి వచ్చినా రాకపోయినా ఒకే తీరున నడుస్తుంది. కాని పూర్ణాలు పెద్దవైతే అది మోయలేని బరువవుతుంది. దీనికి హైదరాబాదు చరిత్రనుంచే ఒక ఉదాహరణ చెప్పవచ్చు. నిజాం ప్రభుత్వపు హాలీ సిక్కా రూపాయి 1951 వరకు అచ్చయింది, 1959 వరకు చెలామణిలో ఉన్నది. ఏడు హాలీ రూపాయలు ఆరు ఇండియా రూపాయలకు సమానం. కాబట్టి నూరు ఇండియా రూపాయలు కావాలంటే 116⅔ హాలీ రూపాయలు, అంటే 116 రూపాయల 10 అణాల 8 పైసలు ఇవ్వాలి. ఆ కాలపు అణాకు ఇటువంటి చిన్న పైసలు పన్నెండు. అటువంటి మొత్తంలోనుంచి 98¾ రూపాయలు ఖర్చయిందనుకొందాం. అపక్రమ దారిలో పోతే 350/3 లోనుంచి 395/4 తీయాలి. హారం 12 చేస్తే 1400 లోనుంచి 1185 పోగా 215, దానిని 12 తో భాగించాలి. విప్పే దారిలో 116 8/12 ను 115 20/12 చేసి 98 9/12 తీస్తే 17 11/12 ఎదురుగానే కనిపిస్తుంది. ఒక దుకాణదారు మొదటి దారిన పోయాడంటే నమ్మడం కష్టం.

1957 ఏప్రిల్ 1 న రూపాయికి నూరు నయాపైసలు వచ్చాయి. 1956 నాటి చట్టం ప్రకారం 1958 అక్టోబరునుంచి తూనికలు, కొలతలు విడతలుగా మెట్రిక్ పద్ధతికి మారాయి. 1585లో సైమన్ స్టెవిన్ అనే డచ్చి గణితజ్ఞుడు దశాంశాలనుగూర్చి చిన్న పుస్తకం వ్రాసి, నాణేలూ కొలతలూ కూడా పదింటి వరసలోనే ఉండాలని కోరాడు. ఆ కోరిక మన దేశంలో నెరవేరడానికి మూడున్నర శతాబ్దాలకు పైగా పట్టింది. మార్పు మంచిదే. మణుగులు, వీశెలు, తులాలు ఊరికొక తీరున ఉన్న దేశంలో వ్యాపారానికి, విజ్ఞానానికి అది అవసరం. ఐనా దానితోపాటు ఒకటి పోయింది. నాలుగుకొకసారి, పదహారుకొకసారి, నలభైకొకసారి మారే చిల్లరతో ప్రతిదినం పడే పాట్లవల్ల పిల్లవాడికి బడికి రాకముందే అబ్బే ఒక జ్ఞానం ఉండేది: పూర్ణమనేది విప్పితే విడిపోయేదనీ, ఎన్నిగా విడిపోతుందో కొలతనుబట్టి ఉంటుందనీ. పదితప్ప మరొక విడి తెలియని పిల్లవాడు 5¼ లోని అయిదులో ఒకటి తెచ్చి, నాలుగు పావులకు బదులు పది కలపడం కూడా ఉపాధ్యాయులకు తెలియని తప్పు కాదు. పహాణీ అంకెల మధ్య చుక్క చూసి మోసపోయే పెద్దవారిదీ అదే తప్పు.

పటాన్‌చెరు కార్ఖానాలలో మాత్రం పాత భిన్నాలు పూర్తిగా చావలేదు. నమూనా చిత్రాలు మిల్లీమీటర్లలో ఉంటాయి. గొట్టాలు, బోల్టులు, డ్రిల్లు ముక్కలు మాత్రం ఇంకా అరంగుళం, ముప్పావంగుళం, ఒకటిన్నర అంగుళం అనే పేర్లతో దొరుకుతాయి. (అరంగుళం గొట్టాన్ని ఎటునుంచి కొలిచినా సరిగ్గా అరంగుళం ఉండదు, దాని వెలుపలి వ్యాసం 21.3 మిల్లీమీటర్లు. అది వేరే కథ.) అంగుళంలో ఎనిమిదో వంతును పనివారు సూత్ అంటారు. 6 అంగుళాల 2 సూత్ పొడవున్న కమ్మీలోనుంచి 3 అంగుళాల 5 సూత్ ముక్క కోయాలి. బడిపిల్లవాడు ఒక అంగుళాన్ని ఎనిమిది సూత్‌లుగా విప్పి, 5 అంగుళాల 10 సూత్‌లోనుంచి తీసి, 2 అంగుళాల 5 సూత్ అంటాడు. పనివాడు బద్ద పెట్టి 3 అంగుళాల 5 సూత్ దగ్గరనుంచి పైకి లెక్కిస్తాడు: నాలుగు అంగుళాలకు మూడు సూత్, అక్కడినుంచి చివరకు రెండంగుళాల రెండు సూత్, మొత్తం రెండంగుళాల అయిదు సూత్. తరవాత రంపం మందాన్ని చూసుకొంటాడు. కోతలో అరసూత్ లోహం పొడిగా రాలిపోతే, చేతిలో మిగిలే ముక్క 2 అంగుళాల 4½ సూత్ మాత్రమే.